జీతం, దుకాణం, కులం: దళితుల 'రెండో పని' చరిత్ర గురించి

పొద్దున బడికో ఆఫీసుకో పోయి, సాయంత్రం భార్య పేరు మీద పెట్టిన జిరాక్సు షాపులో కూర్చునే దళిత ఉద్యోగి మనకు కొత్తవాడేమీ కాదు. ఒకరు ట్యూషన్లు చెప్తారు, ఒకరు కోళ్ల ఫారం పెడతారు, యింకొకరు ఆటో కొని తమ్ముడి చేత తిప్పిస్తారు. మనలో చాలామందిమి అట్లాంటి యిళ్లలోంచి వచ్చినవాళ్లమే. ఆ దుకాణాల బోర్డులు వొకసారి గుర్తు తెచ్చుకుందాం. వాటి మీద యజమాని పేరుగానీ యింటిపేరుగానీ కనబడదు. ఏదో దేవుడి పేరో దేవత పేరో వుంటుంది. పక్క వీధిలో రెడ్డిగారి దుకాణం మీద, కోమటాయన దుకాణం మీద తాతల నాటి యింటిపేరు పెద్దక్షరాల్లో వుంటుంది.

ఉద్యోగం చేస్తూ సొంత వ్యాపారం పెంచుకునేవాళ్లకు చెప్పే సలహాలన్నీ గడియారం చుట్టూ తిరుగుతాయి. తెల్లవారుజామున లేవాలి, సెలవు రోజులు వాడుకోవాలి, ఖర్చు తగ్గించాలి, ఓపిక పట్టాలి అంటారు. ఇవి తప్పు మాటలని మేము అనడం లేదు. కానీ ఈ సలహాలు వినే మనిషికి కులం లేనట్టు, కొనేవాళ్లకూ అప్పిచ్చేవాళ్లకూ కులం పట్టనట్టు మాట్లాడుతున్నాయి. దళితులకు రోజులో గంటలు తక్కువయ్యాయా, లేక ఆ గంటలతో చేసిన పనిని బజారు తీసుకోలేదా అన్న ప్రశ్న అక్కడ రాదు. ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెతకాలి. అందుకని ముందు పల్లె చాకిరీని, తర్వాత బొంబాయిలో అంబేద్కర్ బతుకుతెరువును, ఆ పైన మన తెలుగు నేలనూ మన కాలాన్నీ ఇక్కడ చూస్తున్నాం. అంబేద్కర్ రాజ్యాంగం గురించి చాలా రాశాం, మాట్లాడాం. ఆయన నెలకు ఎంత సంపాదించాడు, దాన్ని దేనికి పెట్టాడు అన్నది తక్కువ మాట్లాడాం.

రోజంతా పని, సొంత పని లేదు

'ఉద్యోగం పక్కన వ్యాపారం' అనాలంటే ముందు ఉద్యోగానికి వొక హద్దు వుండాలి. ఈ పొద్దుకు పని అయిపోయింది, ఇక మిగిలిన పొద్దు నాది అనగలగాలి. పల్లెలో దళితుడికి ఆ హద్దే లేకుండా చేసింది కులం.

మహారాష్ట్రలో మహర్ వతన్ దీనికి మంచి వుదాహరణ. ఊరి సేవ మహర్లకు వంశపారంపర్యంగా అంటగట్టిన కొలువు. కబుర్లు మోయాలి, అధికారులు వస్తే వెంట తిరగాలి, పన్ను వసూలుకు రైతుల్ని పిలుచుకురావాలి. రాత్రీ పగలూ ఎప్పుడు పిలిచినా పోవాలి. మనిషి ఊళ్లో లేకపోతే యింట్లో యింకొకరు ఆ పని చేయాలి. ప్రతిఫలంగా కొంత ఇనాం భూమి, కల్లాల దగ్గర ఊరివాళ్లు కొలిచే గింజలు. సర్కారు చాకిరీకి జీతం పూర్తిగా సర్కారు ఇవ్వదు. అందులో ఎక్కువ భాగం ఊరి దయకు వదిలేస్తుంది. ఊరికి కోపమొస్తే గింజలు ఆగిపోతాయి. 1928లో అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో 1874 నాటి వంశపారంపర్య కొలువుల చట్టాన్ని సవరించే బిల్లు పెట్టింది ఈ కట్టు తెంచడానికే. ఆయన వాదనలో కీలకమైన విషయం కాలం. ఇరవై నాలుగు గంటలూ ఊరి కింద తాకట్టులో వున్న మనిషి తన బతుకు బాగుచేసుకునే యింకొక పని ఎట్లా చేస్తాడు అన్నదే ఆయన లేవనెత్తిన ప్రశ్న. ఆ బిల్లు నెగ్గలేదు. ఆ వతన్లు రద్దు కావడానికి 1958లో చట్టం రావలసి వచ్చింది.

మన తెలంగాణ పల్లెల్లో వెట్టి కూడా ఇట్లాంటిదే. మాదిగలు దొరల యిళ్లకు చెప్పులు, పగ్గాలు, మోట తోలు ఉచితంగా ఇవ్వాలి. మాలలు కబురు మోయాలి, కావలి వుండాలి. ఇక్కడ వొక విషయం గమనించాలి. తోలు పని చేతి నైపుణ్యం. ఏ దేశంలోనైనా ఆ నైపుణ్యం వున్నవాడు సాయంత్రం పూట రెండు జతలు ఎక్కువ కుట్టి సంతలో అమ్ముకుంటాడు, పదేళ్లకు చిన్న కార్ఖానా పెడతాడు. మన దగ్గర అదే నైపుణ్యాన్ని ఊరి సొత్తుగా లెక్కించారు. కుట్టినవాడికి తన సరుకు ధర తాను చెప్పే హక్కు లేదు. చెప్పులకు డబ్బులడిగితే ఎదురు తిరిగినట్టు లెక్క. అట్లా ఒక పెద్ద చేతివృత్తి కొన్ని తరాల పాటు పెట్టుబడి కాకుండా ఆగిపోయింది. తర్వాత తోలు వ్యాపారానికి విలువ పెరిగినప్పుడు లాభం చాలావరకు వేరే చేతుల్లోకి పోయింది.

దళితుడు వ్యాపారానికి పనికిరాడు అనే మాట విన్నప్పుడల్లా ఈ చరిత్ర గుర్తుండాలి. వ్యాపారం చేయనివ్వని ఏర్పాటు ముందు వచ్చింది. చేయలేడనే మాట దాని వెనక వచ్చింది.

బొంబాయిలో షేర్ల సలహాదారు

పల్లె దాటి పట్నం పోతే, చదువు సంపాదిస్తే, ఈ కట్టు తెగుతుందా? 1917లో అంబేద్కర్‌కు ఎదురైంది ఈ ప్రశ్నే. అప్పటికి ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, లండన్‌లో చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చాడు. చదువుకు బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ ఇచ్చింది. దానికి బదులుగా పదేళ్లు సంస్థానంలో పనిచేస్తానని వొప్పందం. ఆ ప్రకారం అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో చేరాడు.

ఉద్యోగం వుంది గానీ వుండటానికి చోటు లేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించి, రోజుకు రూపాయిన్నర ఇచ్చి వున్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులు వచ్చారు. తెలిసిన యిద్దరు మిత్రుల్ని ఆశ్రయమడిగితే యిద్దరూ కాదన్నారు. ఆ సాయంత్రం దాకా పార్కులో కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయాడు. ఈ సంగతంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు. చేతిలో ఉద్యోగం వున్నా అద్దె గది దొరకకపోవడం వల్ల ఆ ఉద్యోగం పోయింది. పూర్తికాలపు ఉద్యోగం నిలబడాలంటే ఎన్ని వుండాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

బొంబాయిలో ఆయన ఏం చేశాడు? పిల్లలకు ట్యూషన్లు చెప్పాడు. స్టాకులు, షేర్ల మీద వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ మొదలుపెట్టాడు. అర్థశాస్త్రంలో అంత చదువుకున్న మనిషి ఆనాటి బొంబాయిలో ఎంతమంది వున్నారు? సరుకు నాణ్యమైనది, అవసరం వున్నది. మొదట్లో పని సాగింది. సలహా ఇస్తున్న మనిషి అంటరానివాడని తెలిసిన తర్వాత వచ్చేవాళ్లు ఆగిపోయారు. జీవితచరిత్రకారుడు ధనంజయ్ కీర్ 1954లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతి నమోదు చేశాడు. ఆ పుస్తకంలో అది నాలుగు మాటల సంగతి. మన దళిత ఆర్థిక చరిత్రకు మాత్రం అది మొదటి పేజీలో వుండవలసింది.

ఎందుకంటే షేరు బజారును మించి కులం పట్టని చోటు లేదని చెప్తారు. అక్కడ అన్నం పెట్టేది లేదు, నీళ్లు తాగేది లేదు, పెళ్లి సంబంధం లేదు. వున్నది ఒక అంకె, ఒక సలహా. సలహా ముట్టుకుంటే మైల ఎట్లా అంటుతుంది? అయినా అంటింది. బజారుకు కులం తెలియనంతసేపే ఆ వ్యాపారం నడిచింది. ఇవాళ్టి దుకాణం బోర్డు మీద యింటిపేరు ఎందుకు వుండదో అర్థం చేసుకోవడానికి 1917 నాటి ఆ చిన్న సంస్థ దగ్గరికి పోవాలి.

జీతమే పెట్టుబడి

1918 నవంబరులో అంబేద్కర్‌కు బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రం ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద జీతం. అక్కడా స్టాఫ్‌రూంలో ప్రొఫెసర్ల కుండలో నీళ్లు తాగడానికి లేదని తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం పెట్టారు. కానీ 1917కూ దీనికీ వొక తేడా వుంది. కుండ ముట్టుకోనివ్వని సహోద్యోగి నెల చివర ఆయన జీతం ఆపలేడు. షేర్ల సలహాకు వచ్చేవాడు రేపు రాకపోవచ్చు, జీతం మాత్రం వస్తుంది. అంటరాని మనిషికి కులంతో పనిలేకుండా ప్రతి నెలా వచ్చి తీరిన డబ్బు సర్కారు జీతం వొక్కటే.

ఆ జీతాన్ని ఆయన రెండు పనులకు పెట్టుబడి చేశాడు. మొదటిది, లండన్‌లో ఆగిపోయిన చదువు. పరేల్‌లో కూలీ జనం వుండే చాల్‌లో రెండు గదుల్లో సంసారం. యింటి ఖర్చుకు లెక్కగా కొంత ఇచ్చి మిగిలింది దాచాడు. రెండోది పత్రిక. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలైంది. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ 2500 రూపాయల సాయం చేశాడు. సర్కారు కాలేజీలో ఉద్యోగి గనుక అంబేద్కర్ పేరు సంపాదకుడిగా లేదు, పాండురంగ్ నంద్‌రామ్ భట్కర్ పేరు వుంది. ఉద్యోగి నడిపే రెండో పనికి యింకొకరి పేరు పెట్టడం ఇవాళ మనం కనిపెట్టింది కాదన్నమాట.

పత్రిక కూడా వొక వ్యాపారమే. కాగితం కొనాలి, ప్రెస్సుకు కట్టాలి, చందాదారులు కావాలి, ప్రకటనలు కావాలి. ప్రకటన వేయండి, డబ్బులిస్తామని 'కేసరి' పత్రికను అడిగితే అది వొప్పుకోలేదని కీర్ రాశాడు. డబ్బు తీసుకుని నాలుగు లైన్లు అచ్చు వేయడం మామూలు వ్యాపారం. అంటరానివాళ్ల డబ్బు అనేసరికి అది మామూలు కాకుండా పోయింది. 1917లో కొనేవాళ్లు రాలేదు, 1920లో అమ్మేవాళ్లు అమ్మలేదు. బజారుకున్న రెండు తలుపులూ ఇవే గదా.

1920 మార్చిలో ఉద్యోగం వదిలి, జూలైలో లండన్ వెళ్లాడు. దాచుకున్న డబ్బు, శాహూ మహారాజ్ సాయం, పార్శీ మిత్రుడు నావల్ భథేనా దగ్గర తీసుకున్న 5000 రూపాయల అప్పు, ఈ మూడింటితో. బ్యాంకు లేదు, తాకట్టుకు భూమి లేదు. ఆయన లేనప్పుడు పత్రిక నిలవలేదు, 1923 నాటికి ఆగిపోయింది. జీతమూ మనిషీ రెండూ వుంటేనే నడిచిన సంస్థ అది. వెనక ఆస్తి వున్న కుటుంబంలో అయితే ఒకరు పోతే యింకొకరు కూర్చుంటారు.

1923లో తిరిగొచ్చి బారిస్టరుగా నమోదయ్యాక ఆయన పూర్తికాలపు ఉద్యోగం వెతకలేదు. లాయరుకు కేసులు సొలిసిటర్ల ద్వారా రావాలి. అంటరాని బారిస్టరుకు పెద్ద సొలిసిటర్లు కేసులివ్వరు. పేదలు, కూలీలు, తనవాళ్లు తెచ్చే చిన్న కేసులే దిక్కు. అందుకని 1925 జూన్ నుంచి 1928 మార్చి దాకా బాట్లిబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వ్యాపార చట్టం క్లాసులు చెప్పాడు. 1928లో ప్రభుత్వ లా కాలేజీలో కొంతకాలం బోధించాడు. మహద్ సత్యాగ్రహం జరిగింది 1927 మార్చిలో. 'బహిష్కృత భారత్' మొదలైంది అదే ఏడు ఏప్రిల్ 3న. అంటే చెరువు నీళ్ల హక్కు కోసం వేలమందిని నడిపించిన ఆ నెలల్లో యింటి బియ్యానికి ఆధారం చిన్న కేసులూ గంటల లెక్కన చెప్పిన పాఠాలూ. వ్యాపారంలో అంటరానివాడి సలహా వద్దన్న నగరంలో, వ్యాపార చట్టం నేర్పి ఆయన యిల్లు గడుపుకున్నాడు.

'బహిష్కృత భారత్' కూడా 1929లో ఆగిపోయింది. 1930లో 'జనతా' వచ్చింది. సొంతంగా భారత్ భూషణ్ ప్రెస్సు పెట్టుకున్నాడు. ఒకటి ఆగితే మరొకటి మొదలుపెట్టడం మనకు కనిపిస్తుంది. దాన్ని పట్టుదల అని పొగడడం తేలిక. ఎందుకు ఆగాయో లెక్క తీయడం యింకా అవసరం. చదివేవాళ్లు కూలీలు, చందా కట్టే స్తోమత తక్కువ, ప్రకటనలిచ్చేవాళ్లు లేరు. రెండో పనిని మోసింది ఎప్పటికప్పుడు మొదటి పని మీద వచ్చిన డబ్బే.

కూలీల విషయంలోనూ ఆయన ఈ సంగతి చూశాడు. బొంబాయి మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. నాడె కండెలోంచి నూలు పోగును నోటితో పీల్చి తీయాలి గనుక అంటరానివాళ్లను అక్కడికి రానివ్వరు. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ దీన్ని లేవనెత్తాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్ రైల్వే దళిత కార్మికుల సభలో మాట్లాడుతూ, రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడని, స్టేషన్ మాస్టరు యింటిపని కూడా చేయాలి గనుక పోర్టరు ఉద్యోగం కూడా ఇవ్వరని చెప్పాడు. తక్కువ కూలి దగ్గరే ఆపేస్తే మిగులు ఎక్కడిది? మిగులు లేకపోతే రెండో పనికి పెట్టుబడి ఎక్కడిది? ఉద్యోగంలో కులం, వ్యాపారంలో కులం అని విడివిడిగా చెప్పుకుంటాం గానీ ఈ రెండూ ఒకే సంచిలోంచి డబ్బు తీస్తాయి.

యింటి పద్దు

ఇంతవరకూ రాసింది మగవాళ్ల లెక్క. ఇందులో వొక పెద్ద పద్దు తప్పిపోయింది. అంబేద్కర్ 1913 నుంచి 1917 దాకా, మళ్లీ 1920 నుంచి 1923 దాకా విదేశంలో వున్నాడు. ఆ యిల్లు నడిపింది రమాబాయి. జీతం వున్న రోజుల్లో కూడా చేతికిచ్చిన కొద్దిదానితోనే సంసారం ఈదింది ఆమే. అయిదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు. ఆఖరివాడు రాజరత్న పోయింది 1926లో. 1935లో ఆమె కూడా పోయింది. 450 రూపాయల్లో దాచిన ప్రతి రూపాయికీ అటు పక్క ఆమె తినని తిండి, కొనని బట్ట వున్నాయి.

ఇవాళ కూడా భార్య పేరు మీద లైసెన్సు వుంటుంది, పగలంతా షాపులో కూర్చునేది ఆమే, సాయంత్రం వంట చేసేదీ ఆమే. లెక్కల పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు మాత్రం ఆయన దగ్గర వుంటాయి. దళిత స్త్రీకి ఇది రెండో పని కాదు, మూడో పని. కూలికో ఉద్యోగానికో పోతే నాలుగోది. ఉద్యోగమూ వ్యాపారమూ రెండూ సర్దుకున్న మగవాణ్ణి మన సభల్లో సన్మానించేటప్పుడు ఆ సర్దుబాటు ఎవరి వొంటి మీద జరిగిందో కూడా అడగవలసి వుంది. అది అడగకుండా రాసే దళిత చరిత్ర సగమే.

మన తెలుగు నేల మీద

తెలుగు ప్రాంతంలో తొలితరం దళిత నాయకుల జీవితాల్ని ఈ కోణంలో మనం సరిగ్గా చదవలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, 1911లో అది మన్య సంఘమైంది. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించాడు. నగరంలో దళిత పిల్లలకు బడులు నడిపాడు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ఆయుర్వేద వైద్యుడు, కవి, 'జయభేరి' పత్రిక నడిపినవాడు. పొరుగున మద్రాసులో అయోతీదాస్ సిద్ధ వైద్యుడు. 1907లో 'ఒరు పైసా తమిళన్' మొదలుపెట్టాడు. పేరులోనే ధర వుంది, ఒక్క పైసా. చదివేవాడి జేబును చూసి పెట్టిన ధర అది.

వీళ్ల సభల తేదీలు, తీర్మానాలు సేకరించాం. వీళ్ల పద్దు పుస్తకాలు ఎవరూ సేకరించలేదు. బడి అద్దె ఎవరు కట్టారు, ప్రెస్సు బాకీ ఎట్లా తీర్చారు, రోగుల దగ్గర తీసుకున్న ఫీజు పత్రికకు ఎంత పోయింది, రోగుల్లో ఏ కులంవాళ్లు వచ్చారు, ఎవరు రాలేదు? సిద్ధాంతం ఎంత ముఖ్యమో ఇవీ అంతే ముఖ్యం. అగ్రకుల నాయకుల చరిత్రల్లో ఈ ప్రశ్నలు రావు. ఎందుకంటే వాళ్ల వెనక పొలం వుంటుంది, కౌలు వస్తుంది. ఉద్యమం చేసినా చేయకపోయినా పంట యింటికి చేరుతుంది. మనవాళ్లకు బతుకుతెరువూ ఉద్యమమూ ఒకే రోజు గంటల్లో, ఒకే మనిషి వొంట్లో ఇమడాలి.

నిబంధన, బినామీ, అప్పు

స్వాతంత్ర్యం తర్వాత రిజర్వేషన్ల వల్ల మొదటిసారి ఒక పెద్ద సంఖ్యలో దళితులకు నెల జీతం వచ్చింది. 1918లో ఒక్క అంబేద్కర్‌కు దొరికిన అవకాశం, అంటే కులం అడ్డుపడకుండా నెలనెలా వచ్చే డబ్బు, లక్షల యిళ్లకు వచ్చింది. ఆ జీతాల్లోంచే చీటీలు కట్టారు, జాగా కొన్నారు, తమ్ముళ్లను చదివించారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు, చిన్న దుకాణాలు పెట్టారు. ఊళ్లో ఎవరికి అప్పు కావాలన్నా జామీను సంతకానికి ఆ ఉద్యోగి దగ్గరికే వచ్చారు. ఆ జీతం సర్టిఫికెట్టు ఒక వాడ మొత్తానికి ఆస్తి పత్రం.

అదే సమయంలో 1964 నాటి ప్రవర్తనా నియమావళి వుంది. కేంద్రంలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ ఏడే వచ్చాయి. ముందస్తు అనుమతి లేకుండా ప్రభుత్వోద్యోగి నేరుగా గానీ పరోక్షంగా గానీ వ్యాపారం చేయకూడదు. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర రచనలకు కేంద్ర నియమాల్లో మినహాయింపు వుంది. పదవిని అడ్డం పెట్టుకుని వ్యాపారం చేయకూడదనే నియమం న్యాయమైనదే, దాన్ని ఎత్తేయమని మేము అడగడం లేదు. కానీ ఒకే నియమం రెండు యిళ్లలో రెండు రకాలుగా పనిచేస్తుంది. అగ్రకుల ఉద్యోగికి అన్న రైసుమిల్లు నడుపుతాడు, మామ ఎరువుల కొట్టు పెడతాడు, నాన్న పొలం చూసుకుంటాడు. ఆయన నియమం మీరనక్కర్లేదు, వ్యాపారం ఎట్లాగూ యింట్లో వుంది. మొదటితరం దళిత ఉద్యోగి యింట్లో సంపాదించేది ఆయనొక్కడే. ఆయన వ్యాపారం చేయకపోతే ఆ యింట్లో వ్యాపారం లేదు. చేస్తే ఒక ఆకాశరామన్న ఉత్తరంతో ఉద్యోగానికే ఎసరు. అందుకని సొంత పెట్టుబడితో పెట్టిన దుకాణంలో కూడా ఆయన దొంగలాగా కూర్చోవలసి వస్తుంది. పేరు దాచడానికి కారణాలు రెండయ్యాయి. కొనేవాడికి కులం తెలియకూడదు, పై అధికారికి దుకాణం తెలియకూడదు.

అప్పుల సంగతి చూస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల సహకార ఆర్థిక సంస్థ 1974లో ఏర్పడింది. జాతీయ స్థాయి సంస్థ 1989లో వచ్చింది. ఇవి మార్జిన్ మనీ ఇస్తాయి, మిగతా అప్పు బ్యాంకు ఇవ్వాలి. సంస్థ మంజూరు చేసిన కాగితం పట్టుకుని బ్యాంకు మెట్లెక్కి దిగిన అనుభవం మనలో చాలామందికి వుంది. 2002 జనవరి నాటి భోపాల్ ప్రకటనతో దళిత పెట్టుబడిదారులు అనే మాట బాగా వినబడింది. 2005లో పూనాలో దళిత పారిశ్రామికవేత్తల సంఘం 'డిక్కీ' ఏర్పడింది. 2012లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్లలో నాలుగు శాతం దళిత, ఆదివాసీ యజమానుల చిన్న సంస్థల నుంచి కొనాలని నిర్ణయించింది. 2016లో స్టాండప్ ఇండియా పేరుతో ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక దళిత లేక ఆదివాసీకి పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పివ్వాలని పథకం పెట్టింది. వీటిని తీసిపారేయలేం. అవన్నీ దళితుల ఒత్తిడి వల్ల వచ్చినవే. అయినా 2005 ఆర్థిక గణనను పరిశీలించిన పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, దేశంలోని సంస్థల్లో దళితుల యాజమాన్యంలో వున్నవి నూటికి పది లోపే. జనాభాలో మన వాటా నూటికి పదహారు పైనే.

ఈ మధ్యకాలంలో ఒక మాట బాగా చెలామణి అవుతోంది. ఉద్యోగం అడిగేవాళ్లుగా వుండొద్దు, ఉద్యోగం ఇచ్చేవాళ్లుగా మారండి అని. వినడానికి గౌరవంగా వుంది. కానీ ఎప్పుడు చెప్తున్నారో చూడాలి. 1991 తర్వాత ప్రభుత్వరంగం కుంచించుకుపోతూ, పర్మనెంటు ఉద్యోగాల స్థానంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగు వస్తున్నప్పుడు చెప్తున్నారు. ఉద్యోగమూ వ్యాపారమూ ఎదురెదురు దారులైనట్టు, ఒకటి వదిలితే రెండోది దొరుకుతుందన్నట్టు చెప్తున్నారు. మనం చూసిన చరిత్ర అట్లా లేదు. జీతం లేని 1917లో అంబేద్కర్ వ్యాపారం మూతపడింది. జీతం వున్న 1920లో పత్రిక పుట్టింది, ఆ జీతమూ ఆయనా దూరమైన తర్వాత అది ఆగింది. ఇతరులకు తాతల భూమి ఎట్లాగో దళితుడి వ్యాపారానికి సర్కారు ఉద్యోగం అట్లా. ఉద్యోగాలు తీసేసి వ్యాపారం చేసుకోమనడం విత్తనాలు లాక్కుని పంట పండించుకోమనడమే.

మనం చేయవలసింది

అందుకని ఈ చర్చను సమయం సర్దుకునే సలహాల దగ్గర్నుంచి పక్కకు తీసుకురావాలి. కార్యకర్తలు రిజర్వు ఉద్యోగాల ఖాళీల కోసం చేసే పోరాటాన్నీ అప్పుల కోసం, ప్రభుత్వ కొనుగోళ్లలో వాటా కోసం చేసే పోరాటాన్నీ రెండు వేర్వేరు వర్గాల కోరికలుగా చూడకూడదు. అవి ఒకే యింటి పద్దులో పై లైనూ కింది లైనూ. అట్లాగే దళిత వ్యాపారి దగ్గర పనిచేసే దళిత కూలీకి సరైన కూలి ఇస్తున్నాడా అని కూడా అడుగుదాం. మన్మాడ్‌లో అంబేద్కర్ కార్మికులకు ఇద్దరు శత్రువులని చెప్పి, బ్రాహ్మణవాదంతో పాటు పెట్టుబడిదారీ విధానం పేరు కూడా చెప్పాడు. రెండో పేరు మనవాళ్లు యజమానులైనంత మాత్రాన చెరిగిపోదు.

విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఒక పని అప్పగిస్తున్నాం. మీ వాడలో మొదటి దుకాణం ఎప్పుడు పెట్టారో కనుక్కోండి. ఎవరి జీతంతో, ఎవరి కూలితో పెట్టారు? అప్పు ఎవరిచ్చారు, ఎంత వడ్డీకి? కౌంటరు దగ్గర కూర్చున్నది ఎవరు? ఊరివాళ్లు కొన్నారా, వాడవాళ్లే కొన్నారా? ఏ సరుకులు కొన్నారు, ఏవి కొనలేదు? పాలు, టీ, అన్నం అమ్మితే ఏమైంది, సైకిలు పంక్చర్లు వేస్తే ఏమైంది? ఎప్పుడు మూసేశారు, ఎందుకు? మీ అమ్మనూ నాయనమ్మనూ కూడా అడగండి. పాత రసీదులు, చీటీ పుస్తకాలు, పాసుబుక్కులు దొరికితే పారేయకండి. సభల కరపత్రాలు దాచుకున్నట్టే అవీ దాచాలి.

ఆఖరుగా బోర్డు మీద ఏ పేరు రాయించారో, ఆ పేరే ఎందుకు రాయించారో అడిగి రాసుకోండి. అడిగినప్పుడు కొందరు నవ్వి వూరుకుంటారు. ఆ నవ్వును కూడా రాసుకోండి.